నడిచొచ్చిన శంఖం

డెబ్బయ్యో దశకంలో, నా పెళ్లయిన కొత్తలో మాట. ధూల్‌పేటలో మా పెరటికీ యాదమ్మక్క వాకిలికీ మధ్య ఒక్క పిట్టగోడే అడ్డం. లారీ నడిపే వాళ్లాయన ఆమె కోసం కలకత్తా నుంచి క్రోటన్ మొక్కను కుండీతో సహా తెచ్చాడు. నాకు అప్పుడే కడుపు మండింది. అది చాలదన్నట్టు, మట్టి గుల్ల చేస్తుంటే ఆ కుండీలో ఆమెకు గుప్పెడంత శంఖం దొరికింది.

"లక్ష్మీదేవి దేవులాడుకుంట మా ఇంటికే వచ్చింది చెల్లె!" అని యాదమ్మక్క గల్లీ అంతా చెప్పుకుంది. శుక్రవారం పూజకు అందరినీ పిలిచింది. నన్నెన్నడూ పలకరించని మా ఓనరమ్మ కూడా పట్టుచీర కట్టుకుని బయలుదేరింది. "మీరు ఏనాడన్న చార్మినార్ కాడికెళ్లి గాజులన్న తెచ్చిండ్రా?" అని మా ఆయన మీద అరిచి నేనూ వెళ్లాను.

యాదమ్మక్క శంఖాన్ని తమలపాకుల మీద పెట్టి అభిషేకం మొదలుపెట్టింది. నీళ్లు పడగానే శంఖం కదిలింది. లోపలి నుంచి కొమ్ములున్న తల బయటికొచ్చి, తాపీగా తమలపాకు కొరకసాగింది.

"అమ్మో, నత్త!" అంటూ ఓనరమ్మ చీర ఎత్తిపట్టుకుని పరుగు తీసింది. యాదమ్మక్క దాన్ని పళ్లెంతో సహా గోడవతలికి విసిరేసింది. నేను కళ్లనీళ్లొచ్చేలా నవ్వాను.

గోడవతల ఉన్నది మా పెరడేనని వానలు పడ్డాక గాని నాకు తట్టలేదు. ఒక పొద్దున చూస్తే నా బచ్చలి తీగకు ఒక్క ఆకు లేదు, కాడల నిండా నత్తలే. యాదమ్మక్క గోడ మీంచి తొంగిచూసింది.

"నీకైతే మస్తు శంఖాలొచ్చినయ్ చెల్లె! పూజకు మమ్మల్ని పిలువవా?"

ఇప్పటికీ పక్కింట్లో కొత్త వస్తువు కనబడితే నా కడుపు మండుతుంది. కాకపోతే, ముందు దానికి కొమ్ములున్నాయేమో చూసుకుంటాను.