మావారు విప్పిన గేరుబాక్సు

భీమిలి నుంచి తిరిగొస్తుంటే మా కారు మూడో గేరులోంచి దానంతటదే జారిపోవడం మొదలుపెట్టింది. మావారు గేరు రాడ్డును చేత్తో అదిమిపట్టి సీతమ్మధార దాకా తోలుకొచ్చారు. మర్నాడు కంచరపాలెం మెకానిక్ వచ్చి నడిపి చూశాడు. లోపల రింగులు అరిగిపోయాయనీ, బాక్సు దించి విప్పాలనీ, బండి షెడ్డులో వదిలేయమనీ అన్నాడు.

"అక్కర్లేదు. నానే ఇప్పుకుంటాను," అన్నారు మావారు.

ఆయన స్టీలు ప్లాంటు మెషిన్ షాపులో పనిచేసి నిరుడే రిటైరయ్యారు. ఇంట్లో మిక్సీ నుంచి మోటారు పంపు దాకా దేనిమీదా బయటివాళ్ల చెయ్యి పడనిచ్చేవారు కాదు. కానీ ఈ ఏడాదిగా నాకు కొన్ని కనబడుతూ వచ్చాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టారు. నేను క్లినిక్కులో నర్సుని. ఓసారి డాక్టరుగారికి చూపిద్దామంటే, "మంచోణ్ణి పట్టుకుని రోగిని సేసేత్తన్నావేటి?" అని కసిరారు. మళ్లీ ఆ మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆదివారం చర్చి అయ్యాక మా అన్నయ్య వచ్చాడు. ఇద్దరూ కలిసి అపార్ట్‌మెంటు సెల్లారులో కారు కింద దిమ్మలు పెట్టి, జాకీ సాయంతో బాక్సు దించారు. పాత దుప్పటి పరిచి సామాన్లన్నీ వరసగా పేర్చారు. అరిగిన ఇత్తడి రింగుల బదులు కొత్తవి తెచ్చారు. తీరా బిగించే పని వచ్చేసరికి, "నువ్వెల్లు బావా, నాను సూసుకుంటాను," అని అన్నయ్యను పంపించేశారు.

ఆ తర్వాత నేను రోజూ డ్యూటీ నుంచి వచ్చేసరికి దుప్పటి మీద సామాన్లు అలాగే ఉండేవి. ఓ సాయంత్రం ఆయన ఎంతకీ పైకి రాకపోతే నేనే కిందికి వెళ్లాను. బఠాణీ గింజంత ఉక్కు గోళీని చిన్న స్ప్రింగు మీద పెట్టి వేలితో అదమాలి. ఆయన పెట్టడం, అది ఎగిరిపడటం. వెతికి తెచ్చి మళ్లీ పెట్టడం. కుడి చెయ్యి వణికిపోతోంది. నన్ను చూసి దాన్ని మోకాళ్ల మధ్య దాచుకున్నారు.

"ఈడ లైటు సాల్టం లేదు," అన్నారు.

నేను ఎదురుగా కింద కూర్చున్నాను. "చెప్పండి, నేను పెడతాను."

ఆయన గోళీని నా అరచేతిలో పెట్టారు. తర్వాత ఒక్కొక్కటే చెప్పారు. ఏది ముందు, ఏ వైపు పైకి, ఎంత అదమాలి. నా వేళ్లు నూనెతో జారిపోతుంటే ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ ఓర్పు చూస్తేనే నాకు భయమేసింది.

అన్నయ్యను మళ్లీ పిలిచి బాక్సు ఎక్కించారు. నడిపి చూద్దామని ముగ్గురం బయల్దేరాం. రెండో గేరు దాకా నడిచింది. మూడో గేరు వెయ్యబోతే గర్రుమని అరిచి అస్సలు పడలేదు. ఆయన కారు పక్కకి ఆపారు.

"మెకానిక్‌కి ఇచ్చీద్దాం బావా. ఎందుకీ పట్టుదల?" అన్నాడు అన్నయ్య.

"ఇన్నేళ్లు ఏటి సేసేననుకున్నావు నాను? గుమస్తా పనా?" అని గట్టిగా అరిచారు. అంతలోనే గొంతు తగ్గిపోయింది. స్టీరింగు మీంచి కుడి చెయ్యి తీసి అన్నయ్య ముందు చాపారు. "సూడు బావా. ఆగదు."

అన్నయ్య ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నేను వెనక సీట్లో ఉండిపోయాను.

కారు కంచరపాలెం వెళ్లింది. మెకానిక్ విప్పి చూస్తే లోపల ఒక హబ్బు, ఆ గోళీలు కూర్చునే చక్రం, తిరగేసి ఉంది. "ఎవరండీ బిగించింది?" అని అడిగాడు. అది పెట్టింది నా చేతులే.

"నానే," అన్నారు మావారు, నా వైపు చూడకుండా.

ఆ వారంలోనే నరాల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. నేను అనుకున్న వణుకుడు జబ్బే. మందులతో వణుకు తగ్గించవచ్చు గానీ పూర్తిగా నయం చేయలేమన్నారు. మావారు ఒక్కటే అడిగారు, కారు నడపొచ్చా అని. ఇప్పట్లో వద్దన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. మొదట్లో ఆయనకి ఇష్టం లేదు. మొన్న ఆదివారం మాత్రం నేను కారు తీస్తుంటే చెప్పకుండానే కిందికి దిగొచ్చి ఎడం సీట్లో కూర్చున్నారు. వీధి చివరి దాకా వెళ్లేలోపు బండి రెండుసార్లు ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండుననిపించింది.