నేను రాయించుకోని దస్తావేజు

మా ఇల్లు కొనుక్కున్నాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున్న ఎనిమిది కావస్తోంది. గుడివాడలో మా ఆయనకి ఇడ్లీ తినిపించి, బడికి టైమైపోతోందని హడావుడిగా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. "టీచర్ గారూ, మీ పక్కింటి పెద్దాయన పోయారండీ. తెల్లవారుజామున. మీకు చెప్పాలనిపించింది," అన్నాడు. రెండు నెలలుగా అది ఆయన పక్కిల్లు, నాది కాదు. అయినా పాపం 'మీ' అన్నాడు. నేను కుచ్చిళ్ళు వదిలేసి మంచం మీద కూలబడ్డాను. మొదట వచ్చింది ఏడుపు కాదు, నా మీద నాకే కోపం. పోయిన పెద్దాయనకి చెప్పాల్సిన మాట ఒకటి రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాదికి పైగా మింగేశాను. ఇంక చెప్పడానికి ఆయన లేరు.

ఆయన దస్తావేజు లేఖరి. బందరులో రిజిస్ట్రారాఫీసు ఎదుట ఒక కొట్టు అరుగు మీద చిన్న బల్ల వేసుకుని, ఊళ్ళో సగం ఇళ్ళ కాగితాలు తన చేత్తోనే రాశారు. కంప్యూటర్లు వచ్చాక బల్ల తీసేశారు గానీ లేఖరి గారన్న పేరు మాత్రం పోలేదు. నేను బాబాయిగారూ అనేదాన్ని. మేం ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళింట్లో పొద్దున్నే పూజ గంట వినిపించేది. చిలకలపూడి వైపు ఆ వీధిలో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడే. ఇరవయ్యేళ్ళు ఆ గోడ మీదుగానే కూరలూ కబుర్లూ నడిచాయి.

ఏ కాగితం కనపడినా చివరి అక్షరం దాకా చదవందే వదిలేవారు కాదు. పెళ్ళి శుభలేఖైనా, మందుల చీటీ అయినా, కరెంటు బిల్లు వెనక ఉండే సన్నక్షరాలైనా, కలం మూతతో ఒక్కొక్క మాటనీ తాకుతూ చదివేవారు. ఒకసారి మా బడి వార్షికోత్సవం ఆహ్వానపత్రం ఇస్తే, ముఖ్య అతిథి ఇంటిపేరులో తప్పు పట్టుకుని, "అమ్మాయ్, ఆయన వచ్చి కూర్చున్నాక ఇది చూస్తే ఊరుకుంటాడా?" అని నన్ను మళ్ళీ ప్రెస్సుకి తరిమారు. ఫోన్ మోగితే లేచి నిలబడి మాట్లాడేవారు. అవతల పాలవాడున్నా సరే, నిలబడే.

ఇల్లు అమ్మాలనుకున్నది సరదాకి కాదు. మా ఆయనకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నాకేమో గుడివాడ బదిలీ. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి గానీ రాను. ఒకరోజు వచ్చేసరికి మనిషి బాత్‌రూమ్ గుమ్మంలో పడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి అలా ఉన్నారో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. బందరు ఇల్లు అమ్మితే తప్ప గుడివాడలో బడి పక్కన మెట్లు లేని ఇల్లు కొనలేం. నా జీతంతో ఒక్కొక్క గదీ కట్టుకున్న ఇల్లే అయినా, ఇంకేం ఆలోచించలేదు.

బ్రోకరు వద్దనుకున్నాను. అనుకున్న వారానికే ఎవరికెలా తెలిసిందో, గేటు చప్పుడు మొదలైంది. గోల్డ్ కవరింగ్ నగల పనిచేసే అన్నదమ్ములు ఇల్లు చూడకుండానే కొలిమి ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్నారు. ఒకాయన స్కూటర్ దిగకుండానే ధర అడిగాడు. ఇంకొకాయన టేపు తెచ్చి మా వంటింటిని కొలుస్తూ, "ఇంట్లో మగవాళ్ళు లేరాండీ?" అన్నాడు. మా ఆయన మంచం మీంచి, "ఉన్నాడు, లేవలేడు," అన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అప్పుడు బాబాయిగారు నన్ను గోడ దగ్గరికి పిలిచి పాఠం చెప్పారు. "నేరుగా వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదమ్మాయ్. మధ్యవర్తి లేనప్పుడు మధ్యలో కాగితం ఉండాలి, అంతే. గేటు దగ్గర ధర చెప్పకు. ఎందుకమ్ముతున్నారంటే అమ్మాలని అను, మీ ఆయన జబ్బు సంగతి ఎత్తకు. నీ అవసరం తెలిసిందో, వాడి ధర దిగిపోతుంది. దస్తావేజు జిరాక్సు ఇచ్చేటప్పుడు అడ్డంగా గీత గీసి, చూడ్డానికి మాత్రమే అని రాసి, తారీఖు వెయ్యి." చివర్న, "రెండోసారి భార్యని తీసుకురానివాడు ఇల్లు కొనడానికి రాలేదని తెలుసుకో," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇల్లు అమ్ముకోబోయేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఆ మాటలు గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

అవనిగడ్డ నుంచి ఒకాయన వచ్చాడు. ఎరువుల కొట్టట. మాట తేనె. మా ఆయన మంచం పక్కన కూర్చుని కాలు నిమిరాడు. జబ్బు సంగతంతా నేనే చెప్పేశాను. గీతా లేదు, తారీఖూ లేదు, జిరాక్సులు చేతిలో పెట్టాను. రెండోసారి వచ్చినప్పుడు తమలపాకులు, అరటిపళ్ళు, కొబ్బరికాయ, ఒక కవరులో అడ్వాన్సూ తెచ్చాడు. భార్యని మాత్రం తేలేదు. "రేపట్నుంచి మూఢమండీ మేడమ్. మూణ్ణెల్ల దాకా మేం ఏ మంచి పనీ మొదలుపెట్టకూడదు. మీకు పట్టింపు లేకపోవచ్చు, మా ఇంట్లో మాత్రం ఒప్పుకోరు. ఇవాళే తాంబూలం పుచ్చుకుని ఒక రసీదు రాసిచ్చెయ్యండి," అన్నాడు.

మాకు మూఢాలు లేవు. అందుకే పడిపోయాను. మనకి లేని నమ్మకాన్ని ఎదుటివాళ్ళ దగ్గర ప్రశ్నించడం మర్యాద కాదని మా అమ్మ నేర్పిన బుద్ధి. అతను చెప్పిన మాటలు చెప్పినట్టు రాసేస్తున్నాను. మాటలు విని బాబాయిగారు గోడ చుట్టూ తిరిగి లోపలికి వచ్చారు. రసీదు తీసుకుని చదివారు.

"మిగతా సొమ్ము ఎప్పటికిస్తారో ఇందులో లేదేమమ్మా?"

"మూఢం పోయాక చూసుకుందామండీ," అన్నాడతను.

"మూఢం పెళ్ళికీ గృహప్రవేశానికీ బాబూ. కాగితం మీద తారీఖు వెయ్యడానికి మూఢమేమిటి?"

అతను లేచి నిలబడ్డాడు. "నమ్మకం లేని చోట మాకెందుకులెండి," అంటూ కవరు వెనక్కి లాక్కోబోయాడు. నాకు బాత్‌రూమ్ గుమ్మం కళ్ళ ముందు కదిలింది. ఈ బేరం కూడా పోతే? కోపం ఎవరి మీదో, పడింది మాత్రం ఆయన మీద. "మీకు రాసే పని పోతుందనే కదా బాబాయిగారూ మీ బాధంతా!" అనేశాను.

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. "సరేనమ్మా," అన్నారు. రసీదుని బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు. నేను సంతకం చేశాను.

మూఢం వెళ్ళింది. ఆ తర్వాత ఇంకో మూణ్ణెల్లూ వెళ్ళాయి. ఫోన్ చేస్తే, "చూస్తున్నాం మేడమ్, పంట డబ్బు చేతికి రావాలి." వేరేవాళ్ళు అడగడానికి వచ్చి, "ఇచ్చేశారటగా? అవనిగడ్డాయన దగ్గర మీ రసీదు చూశామే," అని వెనక్కి పోయేవారు. నా రసీదూ, నా జిరాక్సులూ చూపించి, నా ఇల్లు తనదన్నట్టు నలుగురికీ ఎక్కువ ధరకి బేరం పెడుతున్నాడు. గడువు లేని కాగితం కదా, అతన్ని పొమ్మనడానికి నాకు రోజంటూ లేదు. ఈలోగా మా ఆయన ఇంకోసారి పడ్డారు. ఈసారి నుదురు చిట్లింది.

ఆ నెత్తురు కడిగిన చేతులతోనే గోడ దగ్గరికి వెళ్ళాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. బాబాయిగారు నేనన్న మాట ఎత్తలేదు. "అడ్వాన్సు ఖర్చు పెట్టావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. "మంచిపని చేశావు. రేపు సెలవు పెట్టు."

అప్పటికే ఆయన నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. వాళ్ళావిడ, పిన్నిగారు, వద్దని గొణుగుతూనే మజ్జిగ సీసా, మందులూ సంచిలో పెట్టిచ్చారు. అవనిగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా కొట్ల బోర్డులు చదువుకుంటూ వచ్చారు.

బాబాయిగారు అతని ఎరువుల కొట్టుకి వెళ్ళలేదు. తిన్నగా అతనింటికి వెళ్ళారు. ఆ ఇల్లాలు మంచినీళ్ళు తెచ్చింది. మొగుడు ఎవరో కబురు చేస్తే పరిగెత్తుకొచ్చాడు. బాబాయిగారు తాపీగా నీళ్ళు తాగి, "అమ్మా, బందరులో మీరు కొంటున్న ఇల్లు మీకు నచ్చిందా?" అన్నారు.

"బందరులో ఇల్లేంటండీ బాబాయిగారూ? ఉన్న పెంకుటింటికే రిపేరు చేయించలేక చస్తున్నాం," అందావిడ.

"అది కాదండీ..." అని అతను అడ్డం రాబోయాడు.

"అదే బాబూ, మీరు మిగతా సొమ్ము ఎప్పుడిస్తారో రాసుకుపోదామని వచ్చాం. తారీఖు చెప్పండి." కలం మూత తీసి ఎదురుచూశారు. అరవలేదు, పోలీసుల పేరెత్తలేదు. ఆవిడ మొగుడి వైపు తిరిగి, "ఏం సొమ్ము?" అంది. మళ్ళీ, "అడుగుతుంటే చెప్పవేం? ఏం సొమ్ము?" అంది. అతను లోపలికి వెళ్ళి రసీదూ, జిరాక్సులూ తెచ్చాడు. నేను కవరు ఎలా ఇచ్చాడో అలాగే ఇచ్చేశాను. ఒకరికొకరు ఏమీ బాకీ లేరని బాబాయిగారు అక్కడికక్కడే రాసి, అతనిచేతా నాచేతా సంతకాలు పెట్టించి, "సాక్షి సంతకం మీరు పెట్టండమ్మా," అని కలం ఆవిడకిచ్చారు.

తిరుగు బస్సు చల్లపల్లి స్టాండులో చాలాసేపు ఆగింది. ఆయన రెండు జామకాయలు కొని ఒకటి నా చేతిలో పెట్టారు. ఇప్పుడే చెప్పాలనుకున్నాను. 'బాబాయిగారూ, ఆరోజు నోరు జారాను, క్షమించండి.' ఎంత మాట? పట్టుమని పది సెకన్లు పట్టదు. పక్క సీటులో ఎవరో ఉన్నారనీ, ఆయన అలిసిపోయారనీ సాకులు వెతుక్కున్నాను. అంతలో ఆయనే, "ఈసారి మంచి బేరం వస్తే నాకో మాట చెప్పమ్మాయ్," అన్నారు. నా మొహం మండిపోయింది. నేనన్న మాట ఆయన మరిచిపోలేదన్నమాట అనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మంచి బేరమే వచ్చింది. భార్యాభర్తలిద్దరూ వచ్చారు, రెండుసార్లు వచ్చారు, తారీఖు వేసి మాట నిలబెట్టుకున్నారు. దస్తావేజు మాత్రం నేను బాబాయిగారి చేత రాయించలేదు. అలాంటి మాటన్నాక ఏ మొహం పెట్టుకుని అడగను? డబ్బు ఇస్తే పుచ్చుకోరు, ఇవ్వకపోతే నేనుండలేను. అలా నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆఫీసు ఎదుట కంప్యూటర్ షాపులో కొట్టించేశాను. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నారు.

"అయిపోయిందా అమ్మాయ్?"

"అయిపోయిందండీ."

"ఎవరు రాశారు?"

"కంప్యూటర్లో కొట్టించామండీ."

"పేర్లు సరిచూసుకున్నావా?" అన్నారు.

"చూసుకున్నానండీ."

"మంచిది," అని లోపలికి వెళ్ళారు. నేను ఆయన్ని చూడడం అదే ఆఖరు. సామాను బండికెక్కించిన రోజున ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. గుడివాడ నుంచి వెళ్ళి చూద్దాం, చూద్దాం అనుకుంటూనే ఉన్నాను.

ఆయన పోయిన రోజు నేను బస్సు దిగి వెళ్ళేసరికి శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. పన్నెండో రోజు మళ్ళీ వెళ్ళాను. పిన్నిగారు వసారాలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆయనకి చెప్పలేనిది ఆవిడకైనా చెప్పేద్దామని మొదలుపెట్టాను. ఏడుపు ముంచుకొచ్చింది. 'ఆరోజు రసీదు దగ్గర నేనన్న మాట...' దాకా వచ్చి ఆగిపోయాను.

"ఆ మాటా?" అన్నారు పిన్నిగారు. "ఆరోజే ఇంటికొచ్చి చెప్పారమ్మా నాతో. 'టీచరమ్మ భలే పట్టేసిందోయ్. నాకు నిజంగానే ఆ ఇంటి కాగితం రాయాలని ఉంది' అని ఒకటే నవ్వు. ఆయనకి కోపమేమిటి? మొహమాటం, అంతే. నువ్వే అడుగుతావని చూశారు." లేచి గూట్లోంచి ఒక అట్ట ఫైలు తెచ్చారు. "నువ్వు ఇల్లు అమ్ముతున్నావని తెలిసిన రోజే కూర్చున్నారు. ఇది నీదే."

అట్టలో తెల్ల కాగితాలు. మా ఇంటి అమ్మకం చిత్తు. నల్ల సిరాతో, కొట్టివేత ఒక్కటి లేకుండా గుండ్రటి అక్షరాలు. నా పేరు, చదువు చెప్పుకుంటూ నా సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లని ఒక వాక్యం, నాలుగు హద్దులు, మామిడి చెక్క తలుపులతో సహా. కొనేవాళ్ళ పేరు దగ్గర ఖాళీ. ధర దగ్గర ఖాళీ. నా సంతకం చోట ఖాళీ, సాక్షుల చోట ఖాళీ. దస్తావేజు రాసినవాళ్ళు అన్నీ అయ్యాకే, అందరికన్నా ఆఖర్న సంతకం చేస్తారు. ఆ ఖాళీలన్నిటి కింద, అట్టడుగున, బాబాయిగారి సంతకం ఒక్కటే ఉంది.