గడియారం వెనక బొటనవేలు

పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే వంటింటి గోడ మీద స్టీలు గ్లాసు బోర్లించి, దాని అడుగుకు చెవి ఆనించి కాసేపు నిలబడుతుంది ఆమె. కుళాయిలన్నీ కట్టేసి ఉండే ఆ వేళ గోడలో ఏ చప్పుడూ లేకపోతే రోజు బాగా మొదలైనట్టే. తర్వాత అదే గ్లాసు కడిగి మొగుడికి టీ పోసిస్తుంది.

"ఏమంటోంది నీ గోడ? రాత్రి నిద్రపట్టిందటా?" అని దర్జీ పనిచేసే ఆ మొగుడు రోజూ అడుగుతాడు.

"మీ గురకకి దానికీ నిద్ర కరువైందట," అంటుంది ఆమె.

వీధిలో ఆమెను అందరూ గ్లాసక్క అనే పిలుస్తారు. గోడల్లోనో గచ్చు కిందో కంటికి కనబడకుండా కారే నీళ్ళను పట్టుకుని, గొట్టం బాగుచేసి, పాడైన గోడను మళ్ళీ గోడలా చెయ్యడం ఆమె వృత్తి. వాళ్ళ నాన్న ప్లంబరు. కొడుకులిద్దరికీ ఆ పని పడలేదు. పెద్దవాడు బస్సు కండక్టరయ్యాడు, చిన్నవాడు జిరాక్సు దుకాణం పెట్టుకున్నాడు. మధ్యలో పుట్టిన కూతురే సంచి మోస్తూ ఆయన వెంట తిరిగింది. గోడలో గొట్టం వేసి సిమెంటు పూశాక, అది పచ్చిగా ఉండగానే గొట్టానికి ఎదురుగా బొటనవేలితో ఒక నొక్కు నొక్కడం ఆయన అలవాటు. లోపల గొట్టం ఉందని గుర్తన్నమాట. రెంచీతోబాటు ఆ అలవాటు కూడా కూతురి చేతికొచ్చింది.

ఆయన కట్టించిన ఇంట్లో కింద అన్న, పైన తమ్ముడు కాపురముంటున్నారు. రెండు వాటాలనూ కలుపుతూ ఇంటి లోపలే మెట్లున్నాయి. పైవాళ్ళ పిల్లలు ఆ మెట్లు దిగొచ్చి కింద తినేవారు, కిందివాళ్ళ దుప్పట్లు ఆ మెట్లెక్కి డాబా మీద ఆరేవి. సాయంత్రమైతే తోడికోడళ్ళిద్దరూ అక్కడే చతికిలబడి కబుర్లు మొదలుపెట్టేవారు. "ఏ గొట్టానికైనా వాల్వు పెట్టగలను గానీ మీ నోళ్ళకి పెట్టడం నా వల్ల కాదమ్మా," అనేది గ్లాసక్క.

అలాంటి ఇంట్లో కింద హాలు గోడకు తడి పట్టింది. ముందు రంగు పొంగింది, తర్వాత పెచ్చులూడింది, ఆపైన గోడ అడుగంతా తెల్లగా ఉప్పు పూసింది. గోడకు ఆనించిన చెక్క బీరువా వెనక పలక ఉబ్బి బూజెక్కింది. అందులో పెద్దకోడలు ప్రాణంగా దాచుకున్న చీరలు ముక్కవాసన కొట్టాయి. ఆ గోడకు సరిగ్గా పైన ఉన్నది చిన్నకోడలి స్నానాలగది.

"పైన గంటలకొద్దీ స్నానాలు చేస్తే కింద నా చీరలు తడుస్తున్నాయి," అంది పెద్దకోడలు.

"మీ గోడకి చెమట పడితే నేనొచ్చి విసరాలా అక్కా?" అంది చిన్నకోడలు.

అక్కడితో మాటలు బందు. మొగుళ్ళిద్దరూ ఎవరి పెళ్ళాం పక్క వాళ్ళు నిలబడ్డారు. ముఖాలు మాడ్చుకుని తిరగ్గా తిరగ్గా, చివరికి అన్న తాడోపేడో తేల్చేశాడు. లోపలి మెట్ల గుమ్మం ఇటుకలతో మూయించేస్తాడట, పైవాళ్ళు బయటి ఇనప మెట్లు వాడుకోవాలట. ఇటుకలు వచ్చి వాకిట్లో పడ్డాయి. సోమవారం పొద్దున తాపీ మేస్త్రీ వస్తాడు.

శుక్రవారం ఆ కబురు తెలిసి గ్లాసక్క గుండెల్లో రాయి పడింది. ఊరందరి గోడలూ ఆమె చెవికి తెలుసు గానీ పుట్టింటి గోడ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. తను ఎవరి వైపు తేల్చినా రెండోవాళ్ళు నమ్మరని భయపడ్డారట.

"గుమ్మం మూసేస్తే పుట్టింటికెళ్ళినప్పుడు ముందు ఎవరి గడప తొక్కాలండీ నేను?" అంది మొగుడితో.

"ఆ మూసేదేదో నువ్వు చూశాకే మూస్తారులే. వెళ్ళు," అని, సూదిలోకి దారం ఎక్కిస్తూ, "కానీ నీళ్ళు నిజంగా పైనుంచే వస్తుంటే?" అన్నాడతను.

ఆమె భయం కూడా అదే. లేచి సంచి సర్దుకుంది.

శనివారం వెళ్ళి తడి గోడ మీద ప్లాస్టిక్ కాగితం ఒకటి పరిచి, నాలుగు అంచులా టేపు అతికించి వచ్చేసింది. ఆదివారం చూసేసరికి కాగితం లోపలివైపు నీటి చుక్కలు. అంటే ఇది గాలిలో చెమ్మ కాదు, గోడ లోపలినుంచే తడి వస్తోంది. పైకెళ్ళి స్నానాలగది తూముకు గుడ్డ కుక్కింది. బట్టలకు వేసే నీలం బకెట్లో కలిపి గచ్చంతా నింపింది. పై నీళ్ళే కిందికి దిగుతుంటే కాసేపటికి గోడకు నీలం రావాలి. అందరూ హాల్లో గోడకెదురుగా కూర్చున్నారు. పెద్దకోడలు గోడనే చూస్తోంది, చిన్నకోడలు మెట్ల మీద నిలబడి పెద్దకోడల్ని చూస్తోంది.

భోజనాలవేళ దాటింది. నీలం రాలేదు.

"చూశావా వదినా?" అంది చిన్నకోడలు, గ్లాసక్కతో అంటున్నట్టుగా అందరికీ వినబడేలా.

"నీలం గోడలో ఇంకిపోయిందేమో అడుగమ్మా," అంది పెద్దకోడలు, తనూ గ్లాసక్కతోనే అంటున్నట్టు.

"నేనేమైనా మీ ఇద్దరి మధ్య టెలిఫోన్ తీగనా?" అని గ్లాసక్క లేచింది. లోపల మాత్రం సగం బరువు దిగింది. తూము తప్పు కాదు. మిగిలింది ట్యాంకు నుంచి కిందికి దిగే మంచినీళ్ళ గొట్టం, అదీ ఈ గోడలోనే ఉంది. "కుళాయిలన్నీ కట్టెయ్యండి. ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ అన్నీ ఆపండి. ఎవరూ కిక్కురుమనకూడదు."

ఆమె గ్లాసు తీసి గోడకు బోర్లించింది. అన్న తుమ్మాడు. చూపుతోనే అతన్ని కూర్చోబెట్టి మళ్ళీ చెవి ఆనించింది. కింద ఏమీ లేదు. కాస్త పైకి జరిపింది. సన్నగా ఏదో కారుతున్న చప్పుడు. అంతలో దాన్ని మింగేస్తూ టిక్కు, టిక్కు.

"ఆ గడియారమొకటి! తీసెయ్ అన్నయ్యా, దాని గోల తప్ప ఏమీ వినబడట్లేదు."

బీరువాకు పైన, తలెత్తులో వేలాడుతున్న పెద్ద గుండ్రటి గడియారాన్ని అన్న రెండు చేతులా దించాడు. దాని వెనక గోడలో చిన్న గుంట ఉంది. గుంట నడిమధ్యన తుప్పుపట్టిన మేకు. మేకు మొదట్లోంచి ఎర్రటి తుప్పు చార కిందికి దిగి తడిగా మెరుస్తోంది.

గ్లాసక్క ఆ గుంట అంచుకు బొటనవేలు ఆనించి చూసింది. తన వేలికన్నా కాస్త పెద్ద వేలిది.

"అన్నయ్యా, ఈ మేకు ఎవరు కొట్టారు?"

"నేనే. గడియారం కొన్నప్పుడు. ఎక్కడ కొట్టాలా అని చూస్తుంటే నాన్న వేలిముద్ర కనబడింది. మేకు కొట్టుకోవడానికి నాన్నే ఆనవాలు పెట్టాడనుకుని..."

"అయ్యో నా తండ్రీ! అది ఇక్కడ కొట్టద్దురా అని పెట్టిన గుర్తు!"

చెబుతూ చెబుతూనే ఆమెకు నవ్వొచ్చింది. గోడకు చేరగిలబడి కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. మేకు గొట్టంలో దిగబడి, అన్నాళ్ళూ తనే బిరడాలా అడ్డుపడి ఉంది. తుప్పు తిన్నకొద్దీ సందు చేసుకుని నీళ్ళు లోలోపల కారి అడుగున తేలాయి.

"ఇంత మేకుకేనా ఇంత రాద్ధాంతం?" అంటూ అన్న చెయ్యి పెట్టాడు.

"ముట్టుకోకు, ముందు వాల్వు—"

మేకు ఊడి అతని చేతిలోకి వచ్చింది. దాని వెనకే నీటిధార వచ్చి సూటిగా మూతి మీద కొట్టింది. అతను నోరు తెరిచాడు, అందులోకీ వెళ్ళింది.

"పైకి పో తమ్ముడూ, వాల్వు కట్టెయ్!" అని అరిచింది గ్లాసక్క.

తమ్ముడు డాబా మీదికి పరుగెత్తాడు. "ఏదక్కా? ఎర్రదా, పచ్చదా?"

"కనబడ్డవన్నీ కట్టరా బాబూ!"

"అక్కా, చీరలు!" అని కేకేసి చిన్నకోడలు ఒక్క అంగలో మెట్లు దిగింది. బీరువా తలుపు తీసి చీరలన్నీ చేతులకెత్తుకుంది. "నువ్వు అటు వేసెయ్, నేను బకెట్ తెస్తా," అని పెద్దకోడలు వంటింట్లోకి ఉరికింది. బకెట్ పట్టుకొచ్చి, నీళ్ళోడుతూ అరచేత్తో చిల్లు మూసి నిలబడ్డ మొగుణ్ణి చూసి ఆగిపోయింది. మూతి బిగించి చూసింది గానీ నవ్వు ఆగలేదు.

"గంటలకొద్దీ స్నానాలు ఎవరు చేస్తున్నారో తెలిసిందా అక్కా?" అంది చిన్నకోడలు చీరల గుట్ట మీదినుంచి.

"తెలిసిందిలేవే. పైనుంచి తువ్వాలొకటి పట్రా మీ బావగారికి," అంది పెద్దకోడలు. ఇన్ని వారాల తర్వాత, కంగారులో కాకుండా, నేరుగా ఆమె మొహం చూసి పలికిన మొదటి మాట అదే.

నీళ్ళు ఆగాక గ్లాసక్క ఉలి, సుత్తి తీసి ఆ మేర సిమెంటు కొట్టేసింది. చిల్లుపడ్డ ముక్క కోసి తీసి, కొత్త ముక్కను రెండువైపులా కాలర్లనే తొడుగులతో అతికించింది. అతుకు ఆరాక వాల్వు తెరిపించి, దాని చుట్టూ పొడి కాగితం తిప్పి చూసింది. కాగితం తడవలేదు. "ఇప్పుడే పూయకండి," అని అందరికీ చెప్పింది. లోపల తడి ఉండగా పైన పూస్తే మళ్ళీ పొంగుతుంది.

ఆ హడావుడిలో మేస్త్రీని వద్దనడం ఎవరికీ గుర్తులేదు. సోమవారం పొద్దున్నే అతను తాపీ పట్టుకుని వచ్చేశాడు. "గుమ్మం ఎక్కడండీ మూయాల్సింది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మూసేది కాదు బాబూ," అంది పెద్దకోడలు తడుముకోకుండా. "పెరట్లో బట్టలుతుక్కునే అరుగు కట్టాలి. ఇద్దరు పట్టేంత వెడల్పుగా."

గోడ ఫ్యాను గాలికి వారాల తరబడి ఆరింది. గ్లాసక్క వచ్చినప్పుడల్లా తడిమి చూసి, "ఇంకా," అనేది. ఒకరోజు ఏమీ అనలేదు. ఉప్పంతా గీకేసి, సిమెంటు పూసి, అది పచ్చిగా ఉండగానే ఇంటిల్లిపాదినీ పిలిచింది. గొట్టానికి ఎదురుగా బొటనవేలితో నొక్కింది.

"అన్నయ్యా, ఈ గుర్తు ఉన్నచోట?"

"మేకు కొట్టకూడదు," అన్నాడు అన్న, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని.

"గట్టిగా చెప్పండి బావగారూ, మెట్ల మీదికి వినబడలేదు," అంది చిన్నకోడలు.

గ్లాసక్క ఇప్పటికీ సంచి భుజాన వేసుకుని పనికి వెళుతోంది. ఆదివారం మాత్రం సెలవు. ఆ రోజు ఆమె, దర్జీ మొగుడు కలిసి మధ్యాహ్నం కింద అన్న ఇంట్లో తిని, లోపలి మెట్లెక్కి పైన తమ్ముడి ఇంట్లో టీ తాగుతారు.