సొంత సరుకులోంచి కొసరు

చుక్కను కొలిచే మిషన్ కొనబోయి, కొలవాల్సిన చుక్కనే లేకుండా చేసిన మహానుభావుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. చూడాలంటే నారాయణఖేడ్ రండి. మా కాలేజీ ల్యాబులో, కందుల మూట ముందు తల పట్టుకుని కూర్చుని ఉంటాను. మూట సంగతి చివర్లో చెబుతాను. ముందే చెబితే నా పరువు ఇక్కడే పోతుంది.

మాది కిరాణా దుకాణం. మా నాయన అక్షరాలకన్నా ముందు నేర్పిన పాఠం ఒకటే: "అమ్మెటోని చేతుల బెల్లం ఎప్పుడూ తియ్యగనే ఉంటది. మూడుసార్లు రుచి చూడంది ముద్ద కొనకు." నేను కల్హేర్ సంతకు వస్తున్నానంటే బెల్లం వ్యాపారులు గోనెపట్టాలు కప్పేసేవాళ్లు.

అలాంటి నన్ను ల్యాబు ఇన్‌చార్జిని చేసి, మైక్రోవాల్యూమ్ స్పెక్ట్రోఫొటోమీటర్‌ను ఎంపిక చేయమన్నారు. పేరు విని జడుసుకోకండి. చిన్న పీఠం మీద రెండు మైక్రోలీటర్ల బొట్టు, అంటే దోమ కన్నీరంత, వేసి మూత దించితే, అందులోంచి వెలుగు పోనిచ్చి డీఎన్‌ఏ ఎంతుందో చెబుతుంది.

దాని అవసరం సరితది. నాగల్‌గిద్ద పిల్ల, మా దగ్గర పీజీ ప్రాజెక్టు చేస్తోంది. వాళ్ల చేనులో ఎండుతెగులుకు కంది చెట్లన్నీ చచ్చిపోతే ఒక్కటే బతికింది. దాని ఆకుల నుంచి మూడు నెలలు తంటాలు పడి డీఎన్‌ఏ తీసింది. మొత్తం ఇరవై మైక్రోలీటర్లు. ఎంతుందో కొలిచి హైదరాబాద్‌కు పంపితే, ఆ చెట్టు ఎలా బతికిందో తెలుస్తుంది.

"మిషన్ జల్దీ తెప్పియ్యుండ్రి సార్" అని, ఆ డీఎన్‌ఏ ఉన్న చిన్న గొట్టాన్ని ఫ్రీజర్‌లో పెట్టి ఊరికి పోయింది.

డీలర్ మనిషి ఇమ్రాన్ మూడు రకాల మిషన్లు కారులో వేసుకొచ్చాడు.

"టెస్టింగ్ సాంపిల్ నేనే తెచ్చిన సార్."

"నీ బెల్లం నాకొద్దు తమ్మీ. నా సరుకు మీద చూపెట్టు."

ఫ్రీజర్‌లో అన్నిటికన్నా మేలైన సరుకు సరితది. పరీక్షకు మేలైనదే పెట్టాలి కదా! తీశాను.

మొదటి మిషన్ మీద బొట్టు వేశాం. అంకె వచ్చింది.

"ఇంకోసారి."

అదే అంకె.

"ఇంకోసారి."

"సార్, తుడవకుండ్రి! గా బొట్టును తీసి మల్ల గొట్టంల వోసుకుంటరు కొందరు."

"ఛీ! ఎంగిలైంది మల్ల కుండల వోస్తరా? మా ఇంటా వంటా లేదు!" అంటూ టిష్యూతో శుభ్రంగా తుడిచాను. శుభ్రతలో నన్ను మించినవాడు లేడు. ఆ టిష్యూలను అప్పటికప్పుడు తగలబెట్టించాను కూడా.

మూడు మిషన్లు, ఒక్కోదానికి మూడు రుచులు, రుచికో కొత్త బొట్టు. రెండోది నచ్చింది. బేరం పొద్దుగూకే దాకా సాగింది. ఇమ్రాన్ పిండిన బట్టలా తయారయ్యాడు.

"ఇంకా తగ్గిస్తే నా నౌకరీ వోతది సార్."

"సరే గానీ, కొసరేది?"

"ఏం కొసరు సార్?"

"ఇంకొక్క రీడింగు చూపెట్టు."

పదో బొట్టు పడింది. సొంత సరుకులోంచి కొసరు గుంజుకుని, గెలిచానని మీసం దువ్వుకున్న బేరగాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

లెక్క రాదా నీకు అంటారేమో. వస్తుంది. కానీ బేరంలో ఉన్నవాడి కన్ను తక్కెడ మీద ఉంటుంది, మూట మీద ఉండదు.

సోమవారం సరిత వచ్చి గొట్టాన్ని వెలుగుకెత్తి చూసింది.

"సార్, గిది ఖాళీగున్నదేంది?"

"రీడింగులున్నయి బిడ్డా! పది. అన్నీ ఒక్కతీరు. నీ డీఎన్‌ఏ ఎంతుండెనో పక్కా తెలుసు."

"ఎంతుండెనో తెలుసు. ఇప్పుడేడున్నది?"

పిండి కొద్దీ రొట్టె అంటారు. పెనం మంచిదో కాదో చూడటానికే నేను పిండంతా తగలేశాను.

"ఆకులేమన్న మిగిలినయా?"

"మేక తిన్నది."

"కట్టె?"

"పొయ్యిల వెట్టినం."

"కందులు?"

సరిత ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది. ఏడవలేదు. "మూడు నెలలు సార్" అని మాత్రం అని వెళ్లిపోయింది. తర్వాత మూడు రోజులూ నాకు అన్నం గడ్డిలా ఉంది. కొత్త మిషన్‌ను చూస్తే, పెళ్లికూతురు లేని పందిట్లో బాజా చూసినట్టు ఉంది.

నాలుగో రోజు సరిత ఒక మూట తెచ్చి, ధబీమని నా టేబుల్ మీద పెట్టింది.

"బాపు పంపిండు. గా చెట్టు కందులు పక్క చేను కందులల్ల కలిసినయట. అన్నీ గిండ్లనే ఉన్నయి."

"మరి ఏవి ఆ చెట్టువో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"మీకు అలవాటే గద సార్. రుచి చూసి చెప్పుండ్రి."

అప్పటినుంచి, వాళ్ల చేను తెగులు మట్టి తెచ్చి కుండీల్లో నింపి, పిడికెడు పిడికెడు విత్తుతున్నాను. ఏది బతికితే అది ఆ చెట్టు బిడ్డ అని ఆశ. ఇప్పటిదాకా అన్నీ చస్తున్నాయి. మూట ఇంకా సగముంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అమ్మేవాడి బెల్లమే కళ్లు మూసుకుని తింటాను. ఎంగిలి చుక్కయినా కుండలోనే పోస్తాను. కొసరు అనే మాట చచ్చినా ఎత్తను. నమ్మకపోతే, ఇదిగో, ఇంకా విప్పని టిష్యూ డబ్బా మీద చెయ్యేసి చెబుతున్నాను.