నీళ్లకుండ మీది పాదరసం

ఓర్వకల్లు గుట్టల కింద కరువుపని క్యాంపులో గిడ్డయ్యకు ఒప్పజెప్పిన బాధ్యత సామాన్యమైనది కాదు. ఎండ ఎంత ఉందో చూడటం. ఎండ ఉందని గుడ్డివాడైనా చెప్పగలడు గానీ, గుడ్డివాడి మాట మీద పని ఆపరు కదా! నీడలో వేడి నూటపది డిగ్రీలు దాటితే మధ్యాహ్నం పని నిలిపి, కూలి పూర్తిగా ఇవ్వాలని ఆ క్యాంపు నిబంధన. దాటిందో లేదో తేల్చేది ఆఫీసులోని థర్మామీటరు. యాభైరెండు వేసవిలో అది ఒక్కనాడూ దాటలేదు.

గిడ్డయ్య భార్య సుంకులమ్మ బయట కంకర కొట్టేది.

"నీ గాజుపుల్ల ఏమంటాది ఈ పొద్దు?"

"నూటనాలుగంటాండాది."

"దాన్నొకసారి ఈడికి రమ్మను. సుత్తి పట్టుకోమను."

"అది సర్కారు కొలువులో ఉండాది గదమ్మే, నీ మొగుని మాదిరే. ఎండకు రాదు," అనేది పక్కన కూర్చున్న భీమమ్మ.

గిడ్డయ్య నవ్వేవాడు. ఒకనాడు సుంకులమ్మ తాగిన గంజి కక్కుకుని కంకరకుప్ప మీద ఒరిగిపోయాక నవ్వడం మానేశాడు. ఆమె మరునాడే మళ్లీ సుత్తి పట్టింది. మధ్యాహ్నం పని ఆగకపోతే ఈమె దక్కదని అతనికి తోచింది. థర్మామీటరు మీద అనుమానం పుట్టింది.

క్యాంపు కాంపౌండరు గాబ్రియేలు దగ్గర జ్వరం చూసే థర్మామీటరు ఉండేది. ఇద్దరూ ఒక చెంబులో గోరువెచ్చని నీళ్లు పోసి, పెళ్లిచూపుల పెద్దల మాదిరి చెరొకవైపు కూర్చుని, రెండు థర్మామీటర్లనూ ముంచారు. రెండూ నూటరెండే చూపాయి.

"నీది అబద్ధాలాడే రకం గాదప్పా," అన్నాడు గాబ్రియేలు. "ఇంతకూ యాడ తగిలిచ్చినావు దాన్ని?"

గిడ్డయ్య ఆఫీసు వైపు తిరిగి చూశాడు. తగిలించింది వసారాలో, తడిగోనె చుట్టిన నీళ్లకుండల మీద. మద్రాసు నుంచి దూదిలో పడుకుని వచ్చిన వస్తువాయె. ఎండకు చెడిపోయే వస్తువేదైనా, వెన్న గానీ తమలపాకులు గానీ, కుండ పక్కకు చేర్చడం మన సీమ మర్యాద. ఆ మర్యాదే అతను థర్మామీటరుకూ చేశాడు. అప్పటినుంచీ అది కుండ చల్లదనాన్ని ఎంతో నిజాయితీగా కొలుస్తూ వచ్చింది.

అతను దాన్ని తీసుకుపోయి కూలీలు గంజి తాగే పందిట్లో కట్టాడు. పాదరసం నూటపద్నాలుగుకు ఎక్కి నిలబడింది. గిడ్డయ్య ఓవర్సియరు దగ్గరికి పరుగెత్తాడు.

ఓవర్సియరు చెడ్డవాడు కాదు. థర్మామీటరును చూసి నిజంగానే బాధపడ్డాడు. "ఎండలో పెట్టి చెడగొట్టావు కదయ్యా!"

"ఎండలో గాదు సార్. ఆడోళ్లు కూచునే నీడలోనే పెట్టినా."

"నిన్నటిదాకా నూటనాలుగు చూపిన వస్తువు ఒక్కపూటలో నూటపద్నాలుగు చూపితే దాన్ని జబ్బంటారా, ఆరోగ్యమంటారా?"

జబ్బేనని నిర్ణయమై, పరీక్షకు మద్రాసు పంపారు. అది తిరిగొచ్చేదాకా వేడిని కొలిచే సాధనం లేదు. అందువల్ల ఆ రోజుల్లో క్యాంపులో, నిబంధన ప్రకారం, వేడి లేదు. పని ఆగవలసిన అవసరమూ కలగలేదు.

వేడి లేని అలాంటి ఒక మధ్యాహ్నం సుంకులమ్మ మళ్లీ పడిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. గాబ్రియేలు తన థర్మామీటరు ఆమె చంకలో పెట్టి తీశాడు. దాని గీతలు నూటపదితో అయిపోతాయి. పాదరసం ఆ చివరి గీత దగ్గర ఉంది. దాటిందో లేదో చెప్పడానికి పైన గీతలు లేవు.

పొద్దుగూకకముందే ఆమె పోయింది.

దినాలు అయిపోయాక థర్మామీటరు మద్రాసు నుంచి దూదిలోనే తిరిగి వచ్చింది. వెంట వచ్చిన కాగితంలో, సాధనంలో ఏ దోషమూ లేదని ఉంది. ఓవర్సియరు ఎంతో సంతోషించాడు. "చూశావా, మన మీద దయ ఉండి బాగుపడి వచ్చింది. దూరప్రయాణం చేసిన వస్తువు. పాతచోటే తగిలించి, ఒక తడిగుడ్డ చుట్టు."

గిడ్డయ్య తగిలించాడు. గుడ్డ తడిపి చుట్టాడు. బయటికి వస్తే భీమమ్మ కంకర కొడుతూ తలెత్తింది.

"ఏమంటాదన్నా ఈ పొద్దు?"

"నూటమూడంటాండాది."

సుంకులమ్మ మాదిరి భీమమ్మ దాన్ని రమ్మనలేదు. కొంగు తలమీదికి లాక్కుని సుత్తి ఎత్తింది.