కనకరాజు పక్కన పెట్టిన గడపలు

నాచారం పారిశ్రామికవాడలో వడ్రంగి కనకరాజుకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అద్దె షెడ్డే. ఇరవై రెండేళ్లు పనీ, కాపురమూ అందులోనే. బోడుప్పల్‌లోనో ఉప్పల్‌లోనో అపార్ట్‌మెంట్ కోసం పాత పెంకుటిల్లు కూలుస్తున్నారని తెలిస్తే ఆటో ట్రాలీ కట్టించుకుని వెళ్లేవాడు. దర్వాజలు, దూలాలు, వాసాలు తెచ్చుకునేవాడు. అరవై ఏళ్లు ఆరిన టేకు ఇక వంకర తిరగదని అతని నమ్మకం. ఆ కలపతో మంచాలు, బీరువాలు చేసేవాడు. కొన్నేళ్లుగా వాటిని అడిగేవాళ్లు తగ్గిపోయారు. షెడ్డును గోదాముకు ఇస్తానని, ఉగాదిలోగా ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు.

ఆ సంక్రాంతి వెళ్లాక అమృత వచ్చింది. ఉప్పల్‌లో ఒక కంపెనీ పర్యావరణానికి హాని చేయని ఆఫీసు కట్టుకుంటోంది. లోపలి పనులన్నీ ఆమెవే. పగలు లైటు వేయనక్కర్లేని కిటికీలు, చల్లగా ఉండే మట్టిపూత గోడలు, వాన నీళ్లు పట్టే తొట్టి. బల్లల కోసం కొత్తగా ఒక్క చెట్టూ కొట్టకూడదన్నది షరతు.

"పాత కట్టెతోనే కావాలి, అన్నా. ముందు నలభై బల్లలు. ఇవి పాసైతే మిగతా రెండు అంతస్తులు కూడా మీకే."

"పాతది గావాల్నని అడిగెటోళ్లను ఇయ్యాల్నే సూస్తున్న మేడం. అందరు కొత్తది లేదా అంటరు."

రెండు అంతస్తులంటే ఏడాది పని. షెడ్డు యజమాని ఆ మాట విని, పని ఖాయమైతే ఉండమన్నాడు. కనకరాజు చేతిలో ఉన్న చిన్న పనులన్నీ వదిలేశాడు. భార్య సారలమ్మ కటింగ్‌ప్లేరు పట్టుకుని రోజంతా పాత కలపలోంచి మొలలు పీకేది. పీకిన మొలలు పాత ఇనుము బండికి పోయాయి.

మొల ఊడిన చోట బెజ్జం మిగులుతుంది. బెజ్జం కనపడితే వడ్రంగికి నామర్దా అని కనకరాజుకు తండ్రి నేర్పాడు. రంపపు పొట్టును జిగురులో కలిపి ఒక్కో బెజ్జం పూడ్చాడు. ఆరాక రందతో చిత్రిక పట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, పాలిష్ కొట్టాడు. నలభై బల్లల మీద ఎక్కడ చేయి వేసినా జారిపోయేది.

గడపలు మాత్రం వాడలేదు. పదకొండు గడపలు వెనక గోడకు ఆనించి పెట్టాడు. వాటి మీద పసుపు ఇంకా పోలేదు.

ఉగాదికి పది రోజుల ముందు నరేన్ అనే అధికారి వచ్చాడు. ఇలాంటి ఆఫీసులకు గుర్తింపు ఇచ్చే సంస్థ అతన్ని పంపింది. అమృత వెంట ఉంది. అతను ఒక బల్ల మీద అరచేయి రాసి చూశాడు.

"ఇది కొత్త టేకులా ఉందే."

కనకరాజు నవ్వాడు. "గదే గద సార్ పనితనం."

అమృత నవ్వలేదు.

"కలప కొన్న బిల్లులున్నాయా? ఇల్లు కూల్చేటప్పుడు తీసిన ఫోటోలు?"

"కూలగొట్టెటోడు బిల్లు ఎక్కడిస్తడు సార్? ట్రాలీల ఏసుకొని వచ్చుడే."

"పోనీ, మేకులు కొట్టిన గుర్తులేవి?"

"అన్ని మూసిన. ఒక్కటి దొరికినా నా పేరు మార్సుకుంట."

"నాకు కావలసింది అవేనండీ," అన్నాడు నరేన్.

అప్పుడు అర్థమైంది కనకరాజుకు. ఉలి తెచ్చి, ఒక బల్ల మధ్యలో తాను పూడ్చిన చోట తవ్వాడు. బెజ్జం బయటపడింది. చుట్టూ తుప్పు మరక నల్లగా ఉంది. నరేన్ వంగి చూశాడు.

"నేను నమ్ముతాను. కానీ ఇప్పుడు తవ్విన బెజ్జం సాక్ష్యంగా చెల్లదు. నమ్మానని రాయడానికి ఫారంలో చోటు లేదు."

వెళ్లబోతూ గోడకు ఆనించిన గడపల దగ్గర ఆగాడు. పసుపు, మేకులు, పగుళ్లు. ఫోన్ తీశాడు.

"ఇవి పాతవని చూస్తేనే తెలుస్తోంది. వీటి ఫోటో పెడితే సరిపోవచ్చు. బల్లలు ఇలాంటి గడపలతోనే చేశారా?"

అమృత కనకరాజు వైపు చూసింది. సారలమ్మ కూడా చూసింది.

"కడపనా?" అన్నాడు కనకరాజు. "పసుపు రాసి మొక్కిన కట్టె సార్. దాని మీద చాయ కప్పులు పెట్టిస్తనా? కడపను బల్లకు ఎయ్యం. గా పని మా ఇంటా వంటా లేదు."

నరేన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు వెళ్లాక సారలమ్మ కటింగ్‌ప్లేరు డబ్బాలో పడేసింది. తర్వాత అంది: "అవునంటే నోరు వడిపోవునా?"

"నా నోట్లకెళ్లి రాలే."

"షెడ్డు వొయ్యేటట్టున్నది. గదొస్తదా నోట్లకెళ్లి?"

అతను ఉలి తుడిచి పెట్టెలో పెట్టాడు.

కనకరాజు బల్లలు పాసు కాలేదు. ఆఫీసుకు వేరే బల్లలు అట్టపెట్టెల్లో వచ్చాయి. ఓడలో వచ్చిన, పొట్టు అదిమి చేసిన చెక్కలు. ఒక్కో పెట్టె మీద గుర్తింపు ముద్ర, పెట్టెలో ధ్రువీకరణ కాగితం ఉన్నాయి. బిగించడానికి మనుషులు కావాలని అమృత కబురు చేస్తే కనకరాజు వెళ్లాడు. ఉలి, రంద అక్కర్లేదన్నారు. మరలు బిగించడానికి వంకీ తిరిగిన చిన్న తాళంచెవి లాంటిది చేతికిచ్చారు. నాలుగు రోజులు దాన్నే తిప్పాడు.

ఉగాది మర్నాడు షెడ్డు ఖాళీ చేశారు. బల్లల్లో పన్నెండు ఉప్పల్ బస్టాప్ దగ్గరి టిఫిన్ సెంటర్‌కు పోయాయి. మిగిలినవి చర్లపల్లిలో ఎవరో తీసుకున్నారు. టిఫిన్ సెంటర్ ఓనర్ మహిపాల్ వాటి మీద స్టీలు రేకు పరిచి మేకులు కొట్టిస్తుంటే కనకరాజు పక్కనే నిలబడి ఉన్నాడు.

"జిగురు పెట్టు తమ్మీ. అంటుకుంటది."

"గంత టైం ఎవనికున్నదే? సాంబార్ వడ్డా తుడిస్తే వోవాలె. కట్టె ఏదైతే ఏంది?"

గడపలు షెడ్డులోనే ఉండిపోయాయి. కనకరాజు, సారలమ్మలకు దొరికిన గది బోడుప్పల్‌లో మూడో అంతస్తులో ఉంది. లోపల మంచం వేస్తే నడవడానికి చోటు లేదు. ఒక్కటైనా తెచ్చుకుందామని సారలమ్మ అంది.

"ఏ దర్వాజకు పెడ్తవ్?" అన్నాడు కనకరాజు.

ఇప్పుడతను అట్టపెట్టెల్లో వచ్చే సామాను బిగించే పనికి పోతున్నాడు. ఆ వంకీ తాళంచెవి ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. గోదాము వాళ్లు షెడ్డు శుభ్రం చేసిన రోజు గడపలేమయ్యాయో అతను వెళ్లి అడగలేదు.