కత్తెరకు ఒప్పుకోని రాక్షసి

మొన్న ధర్మవరంలో మా మగ్గాల గదిలోకి, చీర మీద డిజైను తేల్చే కంప్యూటర్ జాకార్డు వచ్చింది. దానికి చోటు చేయడానికి అటక మీది పాత డిజైను అట్టల దండలను కిందికి దించితే, దుమ్ముతో పాటు పట్టు ఉడికించిన సబ్బునీళ్ళ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలిందంటే నాకు ఎండాకాలం సెలవులు గుర్తొస్తాయి.

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, వీధి పొడవునా వెదుళ్ళ మీద ఆరేసిన ఎర్ర, పచ్చ పట్టునూలు చిలపల కింద నుంచి వంగి నడిచి, రాట్నం దగ్గర కూర్చున్న అవ్వ చేత పోగులు తొక్కొద్దని తిట్లు తిని, పిల్లలమంతా మగ్గం పక్కన చల్లటి నేల మీద చేరేవాళ్ళం. చీర డిజైనులో ఒక్కో వరసకు ఒక్కో అట్ట ఉంటుంది. ఏ పోగు పైకి లేవాలో అట్టలోని చిల్లులు చెబుతాయి. దండగా కుట్టిన ఆ అట్టలు మగ్గం పైన ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. చిల్లు తప్పిన అట్టలను నాయన మూలనున్న గంపలో పడేసేవాడు. అవే మా ఆటవస్తువులు.

ఆ ఆట నేర్పింది పక్కింటి శీనన్న. బెంగళూరులో చదువుకుంటూ స్నేహితుల దగ్గర చూసిన మంత్రాల ఆటను, గుర్తున్నంత మేరకు, మాకు తెలుగులోకి దించాడు. కథ అతను చెబుతాడు, అందులోని పాత్రలం మేం, వంతుల వారీగా పాచిక వేసి ముందుకు పోతాం. ప్రాణులు మూడు కొలతలు: చిన్నవి, మనిషంతవి, పెద్దవి. చిల్లు కొట్టినప్పుడు రాలిన గుండ్రటి బిళ్ళ చిన్నది, వేలెడు అట్టముక్క మనిషి, నిండు అట్ట రాక్షసి. నిద్రమంత్రం మనిషి దాకే పారుతుంది, రాక్షసి ముందు దాని పప్పులుడకవు. గాలిమంత్రానికి బిళ్ళలు ఎగిరిపోతాయి, పెద్దవి కదలవు. కుదించే మంత్రం ఒక కొలత తగ్గిస్తుంది. అంటే నిజంగానే కత్తెర తీసుకుని అట్టను కత్తిరించాలి. అయితే మనవాళ్ళ మీద వేయాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి.

మా చెల్లెలు లత అందరికంటే పొట్టి. బడిలో వరసలో మొదట నిలబెట్టేవాళ్ళు, నాటకమంటే కుందేలు వేషమే ఇచ్చేవాళ్ళు. ఆటలో మాత్రం అది పట్టుబట్టి రాక్షసి అయింది. ఎక్కడిదో చిరుగు లేని అట్ట ఒకటి తెచ్చుకుని, నీలం పెన్నుతో దానికి రెండు కళ్ళు దిద్దింది.

ఒకరోజు మా దండు గుహ ముందుకు చేరింది. బడివాళ్ళు తీసుకుపోయినప్పుడు పెనుకొండ కోటలో చూసిన ఇరుకు వాకిలిని తలుచుకుని, శీనన్న గుహకు అంతే వాకిలి పెట్టాడు. రాక్షసి పట్టదు. కుదించే మంత్రం నాది, కత్తెర నా చేతిలోనే ఉంది. అందరూ లతను బతిమాలారు, తర్వాత కసిరారు. అది అట్టను గుండెకు అదుముకుని తల అడ్డంగా ఊపింది.

"బడిలో ఎట్లా పొట్టిదాన్నే కదక్కా. ఈడ కూడానా?"

నాకు ఒళ్ళు మండింది. దాన్ని వాకిట్లోనే వదిలేసి లోపలికి పోయాం. అది పాచిక వేసే వంతు కూడా లేకుండా, మధ్యాహ్నమంతా తన రాక్షసిని పట్టుకుని కాపలా కూర్చుంది.

సాయంత్రం నాయన కొత్త నెమలి డిజైను అట్టలను వరస పేర్చి దారంతో కుట్టడానికి కూర్చుని, రెండు మూడు సార్లు తిరగేసి, మా వైపు చూశాడు. ఒక అట్ట లేదు. అది లేకుంటే ప్రతి నెమలికీ మెడ దగ్గర ఒక వరస తెగుతుంది, మళ్ళీ కొట్టించేదాకా మగ్గం ఖాళీ. లత తన చేతిలోని అట్టను తిప్పి చూసుకుంది. తన రాక్షసి గంపలోది కాదు, మంచి కట్టలోది. మెల్లగా ముందుకు జరిపింది.

"కత్తిరించమన్నారు నాయనా. నేను ఒప్పుకోలేదు."

నాయన దాన్ని వెలుతురుకు ఎత్తి చిల్లులు చూశాడు. కోప్పడతాడనుకున్నాం.

"మంచి పని చేసినావు. ఈ మెడ నీదేలే," అని ఆ కళ్ళతోనే దాని చోట పెట్టి కుట్టేశాడు.

ఆ ఏడాదంతా లత మగ్గం పక్కన నిలబడి, తల పైకెత్తి, తన రాక్షసి తిరిగి ఎప్పుడొస్తుందా అని చూసేది. కనిపించినప్పుడల్లా లత కొంచెం పొడుగైనట్టు నిలబడేది. చూస్తే నాకు ముచ్చటేసేది, కాస్త అసూయగానూ ఉండేది.

ఇప్పుడు నాయన లేడు. డిజైనులన్నీ గోరంత పెన్‌డ్రైవులో ఉంటాయి. మా లెక్కన అది చిన్న ప్రాణి, గాలిమంత్రానికి ఎగిరిపోతుంది. పాత అట్టలను తూకానికి కొనే గుజిరీవాడికి వేయబోతూ నెమలి దండ విప్పి చూస్తే, వెలిసిన నీలం కళ్ళు రెండు కనిపించాయి. హిందూపురంలో టీచరుగా ఉన్న లతకు ఫోన్ చేశాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఇప్పటికీ దాని కంటే పొడుగే. దారం తెంపి ఆ ఒక్క అట్టను తెచ్చిస్తానన్నాను.

"తెంపొద్దక్కా," అంది.

తెంపని నెమలి దండ ఏ సంచిలోనూ పట్టలేదు. హిందూపురం బస్సులో దానికి కూడా ఒక సీటు పట్టాను.